నవ్వు ఆగిన చోటు

తలకు ముసుగు తొడిగి యెత్తుకొని వచ్చిన ఒక గృహిణిని ఇద్దరు దుండగులు మంచు కప్పిన సరస్సు ఒడ్డున కారునుండి దింపుదురు. ఆమె తప్పించుకొనదలచి పరుగెత్తును. కన్ను కానరాదు గనుక ఎటు పరుగెత్తుచున్నదో ఆమెకే తెలియదు. గిరగిర తిరిగి, తడబడి, మంచులో కూలబడును. ఆ యిద్దరిలో ఒకడు ఆ పాటు చూచి పగలబడి నవ్వును. ఇటీవల ఒక మిత్రుని యింట ఏడెనిమిది మందిమి కూర్చుండి ‘ఫార్గో’ అను అమెరికా చలనచిత్రమును చూచుచుండగా, సరిగా ఈ ఘట్టముననే మాలోను ముగ్గురు నలుగురు నవ్విరి. మరుక్షణమున తెరమీది దుండగుని నవ్వు వినవచ్చెను. మా గదిలోని నవ్వు తటాలున ఆగిపోయెను. తన నవ్వునకు వంత పాడుచున్నవాడు ఎవడో తెలిసికొన్న ప్రేక్షకునకు కలుగు ఆ చిన్న సిగ్గును గూర్చియే ఈ నాలుగు మాటలు వ్రాయదలచితిని.

జోయెల్ కోయెన్, ఈథన్ కోయెన్ అను సోదరుల కృతియైన ఈ చిత్రము 1996లో వెలువడెను. ఆ యేడు కాన్ చిత్రోత్సవమున ఉత్తమ దర్శకుని బహుమానమును, మరుసటి యేట కథారచనకు ఒకటి, ఉత్తమ నటియైన ఫ్రాన్సెస్ మెక్‌డోర్మండ్‌కు ఒకటి చొప్పున రెండు ఆస్కారులను గడించెను. కథ చిన్నది. మినియాపొలిస్ నగరమున మామగారి కార్ల దుకాణములో అమ్మకముల అధికారిగా పనిచేయు జెర్రీ అను నొక గృహస్థు అప్పులలో మునిగి, ఆయన సొమ్ము రాబట్టుటకు తన భార్యనే యెత్తుకొనిపోవలసినదిగా ఇద్దరు దుండగులతో బేరమాడుకొనును. వారికి చెప్పిన మొత్తము ఎనుబది వేల డాలర్లు. మామగారికి చెప్పినది పది లక్షలు. దొంగలనే మోసగింపబూనిన ఈ పెద్దమనిషి పన్నుగడ ఒక్క రాత్రిలోనే బెడిసి, బ్రెయినర్డ్ అను చిన్న పట్టణము చెంత రహదారిపై మూడు ప్రాణములు పోవును. ఆ పట్టణపు పోలీసు అధికారిణి మార్జ్, ఏడు నెలల గర్భిణి, తెల్లవారకముందే మంచము దిగి, భర్త వేయించి పెట్టిన గ్రుడ్లు తిని, నేర పరిశోధనకు బయలుదేరును. హంతకులెవరో మనకు మొదటినుండియు తెలియును. ఆమెకు మాత్రము తెలియదు. కావున ఇందలి రహస్యము ‘ఎవరు’ అనునది కాదు, మనుష్యులు ఇంత స్వల్పమునకు ఇంత ఘోరమునకు ఎట్లు ఒడిగట్టుదురనునది.

చిత్రము వెలువడిన నాటినుండి ప్రేక్షకులు దీనిపై మోపిన అభియోగములు ముఖ్యముగా మూడు. మొదటిది, అబద్ధమాడినదని. ఇది 1987లో మిన్నెసోటా రాష్ట్రమున జరిగిన యథార్థ గాథ యనియు, బ్రతికియున్నవారి కోరికపై పేరులు మాత్రమే మార్చితిమనియు ఆరంభమున తెరపై అక్షరములు కనబడును. కట్టకడపట మాత్రము ఇందలి వ్యక్తులు కల్పితులన్న మామూలు ప్రకటన దొరలును. నిజమని నమ్మి కన్నీరు పెట్టినవారికి, నమ్మినందులకే నవ్వకుండ బిగబట్టుకొన్నవారికి, తరువాత కోపము వచ్చుట సహజమే. కాని ఈ అబద్ధము చేసిన పని యొకటి కలదు. కల్పితమని ముందే తెలిసియున్నచో మొదటి శవమునకే నిశ్చింతగా నవ్వియుండెడివారము; నిజమను అనుమానము నవ్వు వెనుక ముల్లువలె నిలిచి, ప్రతి నవ్వునకును మనచేత సంజాయిషీ చెప్పించును. ఈ బొమ్మను చూచు పద్ధతిని మనకు నేర్పినది ఆ నాలుగు పంక్తుల బొంకే.

రెండవ అభియోగము మిన్నెసోటా వారిది. నార్వే, స్వీడన్ దేశములనుండి వలస వచ్చిన వారి సంతతి మిక్కిలిగా గల ఆ సీమలో మాటకు ముందొకటి వెనుకొకటి ‘యా’ అనుచు సాగదీసి పలుకు యాస యొకటి కలదు. చిత్రమున అందరును, ఇంచుమించు హంతకులు తక్క, ఆ యాసనే నోరార పలుకుదురు. మేమిట్లు మాటలాడుదుమా, మమ్ము వెర్రివారిగా చూపినారే యని అచ్చటివారు పలువురు నొచ్చుకొనిరి. కోయెన్ సోదరులు మినియాపొలిస్ పొరుగుననే పుట్టి పెరిగినవారను మాట ఆ నొప్పిని తగ్గించలేదు. ఇంటివాడు చేసిన వెక్కిరింత పొరుగువాని వెక్కిరింతకంటె నెక్కువగా నాటును. ఈ బాధ మనకు క్రొత్తది కాదు. మన తెరపై ఎన్ని దశాబ్దములు తెలంగాణపు పలుకు రౌడీ నోటను, ఉత్తరాంధ్రపు పలుకు పనివాని నోటను మాత్రమే వినవచ్చెనో, విని హాలంతయు ఎట్లు ఘొల్లుమనెనో, ఆ హాలులోనే కూర్చున్న ఆ ప్రాంతమువాడు ఎట్లు తల వంచుకొనెనో ఎరుగనివారము కాము. అయితే యాసను వినిపించుట వేరు, యాసను తన్నుట వేరు. 2023లో వచ్చిన ‘బలగం’ చిత్రమున పెద్దాయన పోయిన యింట జరుగు పంతములకును, పిండము ముట్టని కాకికిని మనము నవ్వితిమి. తుదకు ఊరు ఊరంతయు ఒక్కచోట చేరి చూచి వెక్కి వెక్కి ఏడ్చిన సంగతియు ఎరుగుదుము. ఆ నవ్వును ఆ ఏడ్పును పుట్టించినది ఒక్క యాసయే. ఫార్గోలోను అంతే. ఎవరి ‘యా’లకు మనము మొదట నవ్వుదుమో, చిత్రమంతటిలో ధర్మబుద్ధిగల ఏకైక స్వరము వారిదేయని క్రమముగా తెలియవచ్చును.

మూడవ అభియోగము అన్నిటికంటె బరువైనది: శవములచెంత నవ్వించుట క్రౌర్యమని. ఇది మన లాక్షణికులు ఏనాడో తర్కించిన ప్రశ్న. హాస్యమునకు భయానకము, కరుణము శత్రువులని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున నిర్ణయించెను. భరతముని నవ్వును స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము అని ఆరు తెరగుల విభజించి, కనులు చెమర్చ ఒడలదర నవ్వు నవ్వులను అధమ ప్రకృతులకు వదలెను. ఈ లెక్కన కరుణ భయానకములను నవ్వుతో నొక్క కుండలో వండిన ఫార్గో రసాభాసము కావలసినదే. కాని విరోధి రసములు ఒకచోట నిలువవను నియమమునకు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున ఒక త్రోవ విడిచియుంచెను: విరోధులలో ఒకటి ప్రధానమై, రెండవది దానికి అంగమై లొంగియుండినచో దోషము లేదని. ఫార్గోను గూర్చిన వివాదమంతయు ఈ ఒక్క సూక్ష్మమున తేలిపోవుననుట నా మతము. ఇది నవ్వుల బొమ్మయని మెచ్చినవారును, నవ్వుల బొమ్మయని రోసినవారును హాస్యమునే అంగిగా, అనగా ప్రధానముగా, తలచిరి. ఇందు అంగి కరుణము. హాస్యము దానికి దారి తెరచు పనివాడు.

నిదర్శనములకు కొదువ లేదు. భార్యను దుండగులు ఎత్తుకొనిపోయిన పిమ్మట జెర్రీ మామగారికి ఆ వార్త చెప్పవలసియున్నది. ఎవరును లేని గదిలో గొంతు వణకించుచు, మాటలు తడబరచుచు, ఆ దుఃఖమును ఒకటికి రెండుమార్లు సాధన చేసి, ఆ మీదట మామూలు గొంతుతో ఫోను ఎత్తును. మనము నవ్వుదుము, నిజమైన దుఃఖము పలుకవలసిన తావున నటన మాత్రమే మిగిలిన ఆ మనిషి లోపలి శూన్యము నవ్వు వెన్నంటియే తోచును. దుండగులలో మాటకారియైనవాడు, చేతికందినవి పది లక్షలని చూచి నివ్వెరపోయి, తోడివానికి చెప్పక అధిక భాగమును మంచులో పాతిపెట్టి, ఆనవాలుగా అద్దముపై మంచు గీకు చిన్న పలుగును గ్రుచ్చి వచ్చును. ఎటు చూచినను ఒక్క తీరున సాగు కంచె, ఒక్క తీరున పరచుకొన్న తెల్లదనము. ఆ ఆనవాలు చూచి నవ్వని వాడుండడు. అంతటి ధనమును దాచి వచ్చినవాడు కారు ధరలో సగమునకై జగడమాడి గొడ్డటి వాతబడును. లోభమునకు లెక్క తెలియదను మాటను ఈ దృశ్యము నవ్వించుచునే గుండెలో దింపును.

ఇక మార్జ్. శవముల నడుమ మంచులో ఆమె తటాలున వంగినప్పుడు, ఏదో ఆధారము దొరకినదని తోడి పోలీసువానితోపాటు మనమును ఆతురపడుదుము. అది గర్భిణికి సహజమైన వేకువ వికారము మాత్రమే. క్షణములో అది తీరి, మరల ఆకలి వేయుచున్నదని నిలుచుండును. అడుగుజాడలు చూచి జరిగినదంతయు పుస్తకము చదివినట్లు చెప్పినదియు ఆమెయే. చావు పడియున్న చోటనే పుట్టుక తన్ను తాను జ్ఞాపకము చేయుటకు ఇంతకంటె నిరాడంబరమైన ప్రతీక నేనెరుగను. నంబరు పలకపై అక్షరముల భావము పొరబడిన ఆ తోడివానిని ఆమె చిన్నబుచ్చదు. తప్పు మెల్లగా దిద్ది, వాని మనసు తేలికపడుటకై ఒక చిన్న పరిహాసము చెప్పును. భరతుడు ఉత్తములకు విధించిన స్మితము ఇదియే. ఎదుటివాని లోపమునకు నవ్వుట వేరు, ఎదుటివానిని నవ్వించి లోపమును మరపించుట వేరు. మొదటిది దుండగుడు చేసెను, రెండవది మార్జ్ చేసెను. ఏ నవ్వు నీదని చిత్రము మనలను అడుగుచున్నది. కడకు పట్టుబడిన హంతకుని కారులో వెనుక కూర్చుండబెట్టుకొని పోవుచు, చచ్చినవారిని ఒక్కొక్కరిని లెక్కించి, ఇదంతయు కొంచెపు డబ్బుకేనా యని ఆమె తెల్లబోవును. ఆ ఘట్టమున మా గదిలో ఎవరును నవ్వలేదు, గ్లాసు కదలిన చప్పుడైనను కాలేదు.

ఇట్టి నవ్వు మనకు పరదేశపు సరకు కాదు. 1892లో విజయనగరమున రంగమెక్కిన గురజాడవారి ‘కన్యాశుల్కము’ ఏమి కథ? పసిపిల్లలను ముసలివారికి అమ్ము అంగడి కథ. ఆడవేషము వేసిన శిష్యుని పెండ్లాడిన లుబ్ధావధాన్లు, ఆ పెండ్లికూతురు మాయమైనంతట హత్యానేరమున చిక్కుకొనును. లేని శవమునకు కేసు, దొంగ సాక్షులు, వకీళ్లు, ఊరంతయు గుసగుసలు. చిన్న యూరి నేరకథను నవ్వులాటగా నడుపు విద్యను ఆ మహనీయుడు ఫార్గోకు నూరేండ్లకు పైగా ముందే మన కందించెను. అందలి గిరీశము మాటలకు నవ్వి ఇల్లు చేరిన తాతలకు రాత్రి నిద్ర పట్టనీయక కనుల ముందర నిలిచినది బాలవితంతువైన బుచ్చమ్మ. నవ్వు అక్కడ వాకిలి మాత్రమే. ఇంటిలోపల ఉన్నది ఆ పిల్ల.

వాకిట నిలిచిపోవు ప్రేక్షకులు అన్ని దేశములందును ఉందురు. చిత్రాంతమున ఒక శవమును త్రోసిన కొయ్య నలుగగొట్టు యంత్రము ఫార్గో నగరపు సందర్శకుల కేంద్రమున నేటికిని కలదు. చూడబోయినవారు దానిచెంత నిలిచి, బొమ్మకాలు పట్టుకొని, వేడుకగా ఫొటోలు దిగుచుందురు. వారిని తప్పు పట్టను. వేడుక మనుష్య సహజము. కాని అది చిత్రమునకు ప్రతిస్పందన కాదు, యంత్రమునకు ప్రతిస్పందన.

ఆనాడు మా మిత్రబృందమున ఒక వృద్ధులు, పూర్వము బడిపంతులుగా పనిచేసినవారు, మొదటినుండి తుదివరకు ఒక్కమారును నవ్వలేదు. వారికి బొమ్మ నచ్చలేదు కాబోలునని మేమనుకొంటిమి. చిత్రము ముగియుచుండగా, మార్జ్ భర్త గీసిన బాతు బొమ్మ మూడు సెంట్ల తపాలా బిళ్లకే ఎన్నికైనదని అతడు చిన్నబుచ్చుకొనుటయు, ధరలు పెరిగినప్పుడు చిన్న బిళ్లలే అందరికిని అక్కరపడునని ఆమె ఓదార్చుటయు చూచి మరల వారు తక్క అందరము చిరునవ్వు నవ్వితిమి. దీపములు వెలిగిన పిమ్మట కోయెన్ల చమత్కారమును గూర్చియు, మంచును చిత్రించిన తీరును గూర్చియు ఒకరిని మించి ఒకరము మాటలాడుచుండగా, ఆ వృద్ధులు చెప్పులు తొడుగుకొనుచు మెల్లగా అడిగిరి: “అది సరే నాయనా, ఆ పిల్లవాడేమైనాడు?” తల్లి హతురాలై, తాత హతుడై, తండ్రి చెరసాల పాలైన జెర్రీ కుమారుని అడిగిరి వారు. అమ్మ క్షేమముగా తిరిగి వచ్చునా యని గదిలో ఏడ్చుచు అడిగిన ఆ బాలుడు తుదకేమైనాడో చిత్రము చూపదు. మేమందరము వానిని అప్పటికే మరచితిమి. పంతులుగారికి మాలో ఎవరమును బదులు చెప్పలేకపోతిమి.