ఆధార సూచికలో ఇంటిపేరు

అండమాను నికోబారు దీవుల రాజధానికి 2024 వరకు పోర్ట్ బ్లెయిర్ అని పేరు. నేడది శ్రీ విజయపురము. ఆ నగరమున గోల్ ఘర్ అను పేట యొకటి గలదు. అచ్చట నివసించు తెలుగు విద్యార్థి యొకడు, తన వారు సముద్రము దాటి వచ్చిన వృత్తాంతమును గూర్చి పరిశోధన వ్యాసము వ్రాసినాడని భావింపవచ్చును. ఈ భావన వింతయైనది కాదు. 2011 జనాభా లెక్కల ననుసరించి ఆ దీవుల జనులలో నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. వ్యాసము పూర్తియైనది. ఆధార గ్రంథముల పట్టిక మాత్రము మిగిలినది. దానిని కూర్చుటకై పత్రికవారి నియమావళిని తెరచిన విద్యార్థికి మొట్టమొదట ఎదురగు ఆజ్ఞ యిది: రచయిత యొక్క చివరి పేరును ముందు వ్రాసి, కామా పెట్టి, తక్కిన పేర్లను పొడి అక్షరములుగా కుదింపవలెను.

ఐరోపా ఖండమున ఈ ఆజ్ఞకు అర్థము కలదు. అచ్చటి పేర్లలో వంశనామము సాధారణముగా చివర నుండును. తెలుగునాట ఇంటిపేరు ముందు నడచును. వ్యక్తి పేరు దానిని వెన్నంటి వచ్చును. చివర రావు, రెడ్డి, శర్మ, మూర్తి వంటి మాట యొకటి చేరవచ్చును, చేరకపోవచ్చును. 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు కర్త సురవరం ప్రతాపరెడ్డి. నియమావళిని తు.చ. తప్పక పాటించినచో ఆయన ‘రెడ్డి, ఎస్. పి.’ యగును. కొమర్రాజు లక్ష్మణరావు, గురజాడ అప్పారావు ఇరువురును రావులై ఒక్క వరుసలో నిలుతురు. మల్లంపల్లి సోమశేఖరశర్మ, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఉత్త శర్మలగుదురు. తెలుగువారిలో ఒకనిని మఱియొకని నుండి వేరుచేయు ఇంటిపేరు ఒక్క అక్షరమునకు కుదించుకొనిపోవును. వేలమందికి సామాన్యమైన మాట తలపై కెక్కి కూర్చుండును. ఊరిలోనికి వచ్చి “రావుగారి యిల్లెక్కడ?” అని యడిగిన బాటసారికి దారి చూపగలవాడెవడు?

భాషాశాస్త్రజ్ఞుడు భద్రిరాజు కృష్ణమూర్తి లోకమునకు కృష్ణమూర్తిగనే పరిచితుడు. ఇంగ్లీషు గ్రంథసూచికలలో భద్రిరాజు అను ఇంటిపేరు కామా వెనుక వ్యక్తినామమువలె నిలిచియుండును. ఆయన కీర్తి గొప్పది గనుక ఆయన గ్రంథములను కనుగొనుటకు కష్టము లేదు. కీర్తి లేనివాని గతి యేమి? ఒకే రచయిత ఒక పత్రికలో ఇంటిపేరుతోను, ఇంకొక పత్రికలో రావు అను మాటతోను, వేరొకచో వ్యక్తినామముతోను దర్శనమిచ్చును. అతని కృషి ముగ్గురి పేర చీలిపోవును. పేరు కలిసిన పరాయివాని కృషి అతని ఖాతాలో పడును. ఎవని రచన యెన్నిమార్లు ఉదాహరింపబడినదని లెక్కించి ఉద్యోగములను, పదోన్నతులను నిర్ణయించు ఈ కాలమున ఇది అల్పదోషము కాజాలదు.

ఆధారము చూపుట తెలుగువారికి పరాయి విద్య కాదు. కాళిదాసు కావ్యములకు వ్యాఖ్యానములు రచించిన కోలాచలము మల్లినాథసూరి, మూలము లేనిదేదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసినాడు. కోశములను, వ్యాకరణమును, పూర్వశాస్త్రములను ఉదాహరించుచు ఆ ప్రతిజ్ఞను నడపినాడు. ఆ పద్ధతిలోని ధర్మము స్పష్టము. చెప్పినవానికి చెల్లవలసినది చెల్లింపవలెను. చదువువానిని మూలము చెంతకు చేర్పవలెను. కామాలు, వాలు అక్షరములు, కుండలీకరణములు ఈ ధర్మమునకు సేవకులు. సేవకుడే యజమానిని ఇంటినుండి వెడలగొట్టుట నేటి వింత.

నియమావళులు ఆకాశము నుండి ఊడిపడినవి కావు. చికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయము తన శైలీగ్రంథమును 1906లో ప్రకటించినది. అమెరికాలోని మనస్తత్వశాస్త్రజ్ఞుల నియమావళి 1929లో ఏడు పుటల వ్యాసముగా పుట్టినది. 1978లో కొందఱు వైద్యపత్రికల సంపాదకులు వాంకూవరు నగరమున సమావేశమై తమ పద్ధతిని ఏర్పరచుకొనిరి. వారు తమకు పరిచితములైన పేర్లను దృష్టియందుంచుకొనిరి. అందు తప్పు లేదు. చికాగో గ్రంథము నేటి కూర్పులలో భారతీయ నామములకు వేరుగా సూచన కూడ నిచ్చుచున్నది. గ్రంథాలయ శాస్త్రజ్ఞులు ఇంకను ముందే మేల్కొనిరి. పెక్కు మాటలు గల పేరులో దేనిని ముందుంచవలెనో సాధ్యమైనంతవరకు రచయిత దేశపు వాడుకను బట్టియే నిర్ణయింపవలెనని 1961లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ సభ అంగీకరించినది. అటుపిమ్మట అరువది యేండ్లు గడచినవి. గ్రంథాలయపు బీరువా నేర్చుకొన్న మర్యాదను పరిశోధన పత్రిక నేటికిని నేర్వలేదనిన, దోషము విదేశీయుల తలపై రుద్దదగినది కాదు. ఆ నియమములను వేదవాక్యములుగా గొని, తెలిసి తెలిసి తెలుగు పేర్లపై మోపు స్వదేశ సంపాదకులదే ఆ దోషము.

ఏకరూపత లేనిదే పత్రిక నడువదని వారు వాదింతురు. నిజమే. కాని ‘సురవరం ప్రతాపరెడ్డి’ అని ప్రతి వ్యాసమునందును వ్రాయుటయు ఏకరూపతయే. పేరును రెండు గదులలో వేరువేరుగా నింపుమని యంత్రమే అడుగుచున్నదని ఇంకొక వాదము. ఆధారములను కూర్చు జొటెరో వంటి సాధనములలో పేరంతయు ఒకే గదిలో నింపు సదుపాయమును గలదు. దానిని వాడుకొనుటకు వలసినది ఒక్క నిమిషపు శ్రద్ధ. 2012 నుండి ప్రతి పరిశోధకుడును ఆర్కిడ్ అను గుర్తింపు సంఖ్యను పొందవచ్చును గదా, పేరు ఎట్లున్న నేమి అని మూడవ వాదము. బ్రతికియున్నవారు సంఖ్యలు పొందవచ్చును. 1953లో గతించిన ప్రతాపరెడ్డి ఏ సంఖ్యకు దరఖాస్తు పెట్టుకొనును? ఆయనకును పాఠకునికిని మధ్య నున్న త్రాడు ఆ పేరొక్కటే.

పేరును గూర్చి చెప్పినది గ్రంథనామమునకును, ఊరి పేరునకును వర్తించును. తెలుగు గ్రంథమునకు ఇంగ్లీషు అనువాద శీర్షికను మాత్రమే ఇచ్చినచో పాఠకుడు గ్రంథాలయమున దేనిని అడుగవలెను? పోర్ట్ బ్లెయిర్‌లో అచ్చయినదని ముఖపత్రముపై నున్న గ్రంథమును నేడు శ్రీ విజయపురమున అచ్చయినట్లు దిద్దినచో, అట్టి ప్రతి లోకమున లేనేలేదు. అండమానుల చరిత్రమే ఇందుకు చక్కని పాఠము నేర్పుచున్నది. ఆ దీవుల ఆదిమవాసులను గూర్చిన 1922 నాటి సుప్రసిద్ధ గ్రంథమునకు కర్త పేరు ఏ. ఆర్. బ్రౌన్ అని అచ్చయినది. 1926లో ఆయన తన పేరును రాడ్‌క్లిఫ్-బ్రౌన్‌గా మార్చుకొనెను. గ్రంథసూచికలు ఆ రెండు పేర్లకును గల సంబంధమును చూపి పాఠకుని దారి తప్పనీయవు. ఒక ఆంగ్లేయుని పేరులో నడుమ చేరిన మాటపై చూపిన ఈ శ్రద్ధలో పదియవ పాలు తెలుగు ఇంటిపేరుపై చూపిన చాలును.

చేయవలసినది స్వల్పము. ముఖపత్రముపై నున్న పేరును ఉన్న వరుసలోనే వ్రాయవలెను. ఇంటిపేరును పొడి అక్షరముగా కుదింపరాదు. గ్రంథనామమును మూలభాషలో నిచ్చి, పిమ్మట వలసినచో అనువదింపవలెను. ఈ మూడు మాటలను తెలుగుదేశపు విశ్వవిద్యాలయ పత్రికలు తమ నియమావళులలో చేర్చుకొన్ననాడు, ఇతరులను అడుగు అర్హత వానికి కలుగును. స్వగృహమున మన్నన లేని పేరునకు పొరుగింట పీట వేయుదురా?

గోల్ ఘర్ విద్యార్థి ‘సురవరం ప్రతాపరెడ్డి’ అని వ్రాసి వ్యాసమును పంపును. దానిని దిద్దబోవు కలము ఒక్క క్షణము ఆగి, ఆ గ్రంథపు ముఖపత్రమును తెరచి చూడవలెను.