ఓరుగల్లు పేజీలను ఎవరు దిద్దాలి?

రామప్ప గుడి ఏ జిల్లాలో ఉంది? 2016 అక్టోబరు 11 దాకా ఈ ప్రశ్నకు వరంగల్ అని చెబితే సరిపోయేది. ఆ దసరా నాడు తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి, పాలంపేట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లా ఏర్పడగానే అందులో కలిసింది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడికి మూడేళ్లు తిరగకుండానే రెండుసార్లు చిరునామా మారిందన్నమాట. 2021 జులై 25న యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ వార్త విని ఆ గుడి గురించి ఎక్కడెక్కడివాళ్లో వెతికారు. అలా వెతికేవాళ్లకు ముందు కనబడేది తరచుగా వికీపీడియా పేజీ. అందులో ములుగు అని సరిగ్గా ఉందంటే, ఎవరో ఒకరు పని కట్టుకుని దిద్దారు కాబట్టే. ఆ పనికి జీతం లేదు, వ్యాసం కింద రచయిత పేరూ ఉండదు.

ఇది ఒక్క గుడి సంగతి. ఉమ్మడి జిల్లాలో ఊరూరికీ ఇదే జరిగింది. 2016లో వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని పెట్టిన పేర్లు 2021 ఆగస్టులో హనుమకొండ, వరంగల్ అయ్యాయి. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, సోమనాథుడి పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్నాయి. దాశరథి కృష్ణమాచార్య పుట్టిన చిన్నగూడూరు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నకాశీ బొమ్మల చేర్యాల సిద్దిపేట జిల్లాకు పోయింది. కరీంనగర్ జిల్లాలో ఉండిన, పీవీ నరసింహారావు పెరిగిన వంగర ఇటు వచ్చి హనుమకొండ జిల్లాలో చేరింది. కాబట్టి 2015లో అచ్చయిన పుస్తకంలోని వరంగల్ జిల్లా వేరు, 2022లో అచ్చయిన పుస్తకంలోని వరంగల్ జిల్లా వేరు. దేనికది సరైనదే. కానీ ఏ ఏడాది మాటో చెప్పకుండా రెంటినీ ఒకే పేజీలో పెడితే చదివేవాళ్లకు అయోమయం తప్పదు. తెలుగు వికీపీడియాలో దాదాపు ప్రతి రెవెన్యూ గ్రామానికీ పేజీ ఉంది. వాటిలో మండలాన్నీ జిల్లానూ ఒక్కొక్కటిగా మార్చుకుంటూ వచ్చినవాళ్లు కొద్దిమంది. వాళ్లకు ఈ ఆరు జిల్లాలవాళ్లం రుణపడి ఉన్నాం. ఆ పనిలో మన చెయ్యి ఎందుకింత తక్కువగా ఉందో కూడా ఆలోచించాలి.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. పాత ఫాంట్లలోని తెలుగును యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే ఉపకరణాన్ని తయారుచేసిన వెన్న నాగార్జున దీనికీ బీజం వేశారు. ఇప్పుడు వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దేశంలో 8.11 కోట్ల మంది. క్రమం తప్పకుండా వికీలో రాసేవాళ్లు మాత్రం పదుల్లోనే ఉంటారు.

ఈ విషయంలో ఓరుగల్లుకు ప్రత్యేక బాధ్యత ఉందని నా నమ్మకం. తెలుగులో విజ్ఞాన సర్వస్వం ఉండాలని తపించిన కొమర్రాజు లక్ష్మణరావుకు ఈ ఊరితో సంబంధముంది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పుట్టడం వెనుక నిలిచినవారిలో ఆయన ఒకరు. నిజాం ఏలుబడిలో తెలుగు పుస్తకానికి చోటు చూపడమే ఒక సాహసం. తరవాత ఆయన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. మూడు సంపుటాలు వచ్చేసరికి 'అ' దగ్గరే ఉన్నారు. 1923లో కన్నుమూశారు. పండితుల దగ్గర వ్యాసాలు రాయించాలి, దొరకనివి తానే రాయాలి, అచ్చుకు డబ్బు పోగుచేయాలి. అంత బరువు ఒక్క జీవితానికి మించిపోయింది. ఆయన పేరు మీద తెలుగు వికీపీడియన్లు ఒక పురస్కారం ఏర్పాటు చేసుకున్నారు. ఆయనకు లేని వసతి మనకుంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు, అచ్చు ఖర్చు లేదు. అయినా తప్పు కనబడితే మనం చేసేదేమిటి? ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. "చూశారా, మన జిల్లా గురించి ఎంత అన్యాయంగా రాశారో" అంటాం. నలుగురు అవునంటారు. పేజీలో తప్పు అలాగే ఉంటుంది.

దిద్దినవాళ్లకు ఇంకో అనుభవం ఎదురవుతుంది. సరిచేసిన మాట మర్నాటికి పాత రూపంలోకి వెళ్లిపోతుంది. దాంతో మనసు నొచ్చుకుని మళ్లీ ఆ వైపు పోరు. జరిగిందేమిటో తెలుసుకుంటే ఆ నొప్పి ఉండదు. మాజీ ప్రధాని పీవీ నరసింహారావునే తీసుకుందాం. ఆయన పెరిగింది, దత్తత వెళ్లింది వంగరకు. ఊరిపేరు అడిగితే అందరి నోటా వచ్చేది వంగరే. 1921 జూన్ 28న ఆయన పుట్టింది మాత్రం నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. వంగరలోనే పుట్టాడని చిన్నప్పటి నుంచి విన్న మనిషి మంచి ఉద్దేశంతోనే లక్నేపల్లి కొట్టేసి వంగర అని రాస్తాడు. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో పేజీ చరిత్రలో నమోదవుతుంది. ఆ పేజీని తమ వీక్షణ జాబితాలో పెట్టుకున్నవాళ్లకు వెంటనే తెలుస్తుంది. వచ్చి చూస్తే ఆ మార్పు పక్కన ఏ పుస్తకం పేరూ, ఏ పత్రిక తేదీ ఉండదు. వెనక్కి తిప్పుతారు. అది మనిషి మీద కోపం కాదు. చర్చ పేజీలో "ఫలానా జీవిత చరిత్రలో ఇలా ఉంది" అని రెండు వాక్యాలు రాసి, ఆ పుస్తకాన్ని మూలంగా ఇస్తే నిలబడేది నిలబడుతుంది. పోతన ఊరు బమ్మెరా, ఒంటిమిట్టా అన్న వాదం చాలా కాలంగా ఉంది. అలాంటి చోట ఎవరి వాదానికి ఏ ఆధారం ఉందో రెండూ రాయాలి. మన జిల్లా అభిమానం అందులోకి తేకూడదు. ఇది కష్టమైన నియమమే, కానీ దీన్ని పాటించబట్టే కడప జిల్లా పాఠకుడు కూడా ఆ పేజీని నమ్ముతాడు.

అందరూ రాసేది ఏం నమ్మకం అనే పెద్దలున్నారు. వాళ్ల అనుమానం ఊరికే వచ్చింది కాదు. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్‌కు కెనెడీ హత్యతో సంబంధముందనే శుద్ధ అబద్ధం ఇంగ్లిష్ వికీపీడియాలో నాలుగు నెలలు ఉండిపోయింది. అదే ఏడాది 'నేచర్' పత్రిక సైన్సు వ్యాసాలను నిపుణులకిచ్చి పోలిస్తే వ్యాసానికి సగటున వికీపీడియాలో నాలుగు, బ్రిటానికాలో మూడు తప్పులు తేలాయి. తప్పులు అన్నిచోట్లా ఉంటాయి, వాటిని పట్టుకునే కళ్లు ఎన్ని ఉన్నాయన్నదే తేడా. చిన్న భాషల వికీలకు అసలు ప్రమాదం అక్కడే. స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియాలో ఆ భాష సరిగా రాని ఒక అమెరికా కుర్రాడు వేల వ్యాసాలు రాశాడని 2020లో బయటపడింది. ఏళ్ల తరబడి ఆపిన మనిషి లేడు. మనకూ ఇలాంటి దెబ్బ తగిలింది. 2010 ప్రాంతంలో గూగుల్ సంస్థ యంత్రం సాయంతో ఇంగ్లిష్ వ్యాసాలను అనువాదం చేయించి భారతీయ భాషల వికీల్లో పెట్టించింది. తెలుగులోకి వచ్చిన పొడుగాటి వ్యాసాల్లో చాలావాటిని తెలుగువాళ్లు చదవలేకపోయారు. వాటిని శుద్ధి చేయడానికి వికీ సముదాయం ఏళ్లపాటు తంటాలు పడి, బాగుపడని వాటిని తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధ అంతకంటే వేగంగా తెలుగు పేజీలు పుట్టించగలదు. పైగా అది నేర్చుకునే చోట్లలో వికీపీడియా కూడా ఒకటి. ఇవాళ చిన్నగూడూరు పేజీలో ఉన్న తప్పు రేపు నమ్మకంగా చెప్పే జవాబుగా మన పిల్లల ముందుకు వస్తుంది.

వాలంటీర్లు పెరిగితే అన్నీ సర్దుకుంటాయని నేను అనుకోను. మన ఊళ్ల గురించి చూపడానికి మూలాలు దొరకకపోవడం అంతకంటే పెద్ద లోటు. గ్రామాల పేజీలు తెరిచి చూడండి. జనాభా, బడి, బస్సు సౌకర్యం, ఏటీఎం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది, ఇవన్నీ 2011 జనగణన నుంచి వచ్చినవి. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి ఆ అంకెలు మార్చడానికి ఆధారం లేదు. 2018లో పంచాయతీలైన వందల తండాలు రెవెన్యూ గ్రామాలు కావు, అందువల్ల ఆ జనగణన లెక్కల్లో విడిగా కనబడవు. మహబూబాబాద్ వైపు ఎన్నో తండాలకు సర్పంచ్ ఉన్నాడు, వికీలో పేజీ లేదు. ఆ ఊళ్ల గురించి రాసిన కాగితం ఒక్కటి ఉన్నా, అది పత్రికల జిల్లా అనుబంధాల్లో వచ్చిన వార్తే అయ్యుంటుంది. ఆ అనుబంధాల పాత సంచికలు నెట్‌లో వెతికితే దొరకడం కష్టం.

మేడారం సంగతి ఇంకా లోతైనది. రెండేళ్లకోసారి కోటికి పైగా జనం వచ్చే జాతర అని పత్రికలు రాసే సమ్మక్క సారలమ్మల కథను అచ్చు పుస్తకాలు ఒకలా చెబుతాయి, కోయ డోలి కళాకారులు పడిగె బొమ్మలు చూపిస్తూ ఇంకోలా పాడతారు. ఆ కళకే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. వికీలో సొంత పరిశోధనకు తావు లేదు. కాబట్టి మేడారంలో చెవులారా విన్నదాన్ని ఒక వాలంటీరు పేజీలో రాస్తే అది నిలవదు. అచ్చులో ఉన్న కథే చోటు సంపాదించుకుంటుంది, దాన్ని రాసినవాళ్లు కోయలు కాకపోయినా. ఇది నియమంలో ఉన్న అన్యాయం. కానీ నియమం తీసేస్తే ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు, అప్పుడు నష్టపోయేది గొంతు చిన్నదైన కోయలే. అందుకని పాట పేజీలోకి వచ్చే ముందు పుస్తకంలోకి రావాలి. పాడినవారి పేరు, ఊరు, తేదీతో రికార్డు చేసి, రాసి, అచ్చువేసి, అందరికీ అందుబాటులో పెట్టాలి.

ఇలాంటి పని తెలంగాణకు కొత్త కాదు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకరు రాస్తే సురవరం ప్రతాపరెడ్డి తిట్టుతో బదులివ్వలేదు. ఊరూరి నుంచి కవితలు తెప్పించి 1934లో 354 మందితో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ఆ మాట అన్నవాళ్లు మళ్లీ అనలేకపోయారు. ఇవాళ అలాంటి సంచికలు మన గ్రంథాలయాల బీరువాల్లో పాడైపోకుండా చూడడం కూడా దిద్దుబాటులో భాగమే. రచయిత చనిపోయి 60 ఏళ్లు దాటితే మన దేశంలో ఆ రచన మీద కాపీరైటు ఉండదు. అలాంటి పుస్తకాలను స్కాన్ చేసి తెలుగు వికీసోర్స్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెడితే, ఇంట్లో కూర్చుని అచ్చుతప్పులు సరిచూసేవాళ్లు ఏ దేశంలోనైనా ఉన్నారు. హనుమకొండ భాషా నిలయంలోని పాత పుస్తకాలతోనూ జిల్లా గ్రంథాలయాల్లోనూ ఈ పని మొదలు కావాలి. వికీలో దిద్దడం నేర్చుకోవడానికి కంప్యూటర్ చదువు అక్కర్లేదు. రిటైరైన తెలుగు పంతుళ్లకు, తహసీల్దారు ఆఫీసులో పాత రికార్డులు చూసినవాళ్లకు ఉన్న జ్ఞానం చాలు. ఒక్కటే జాగ్రత్త: తన పేజీ, తన కులం పేజీ, తన నాయకుడి పేజీ ముట్టుకోకుండా పక్క ఊరితో మొదలుపెట్టడం మంచిది. పేపర్లో వచ్చింది వచ్చినట్టు ఎత్తి పెట్టకూడదు, సొంత మాటల్లో రాసి పత్రిక పేరు, తేదీ ఇవ్వాలి.

కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో మొదలైంది, 2026తో దానికి 50 ఏళ్లు. తెలుగు, చరిత్ర శాఖల్లో ఈ ప్రాంతం మీద జరిగిన పరిశోధనలను ఎవరైనా చదవగలిగేలా, ఎవరైనా ఉటంకించగలిగేలా నెట్‌లో పెడితే స్వర్ణోత్సవానికి అంతకంటే మంచి పని వేరే అక్కర్లేదు. శాసనం మీద, తండా మీద, ఊరి పండగ మీద రాసిన ఒక్కో గ్రంథమూ వికీలో పదుల పేజీలకు మూలమవుతుంది. దానికి కావలసింది ఒక స్కానరు, ఒక వెబ్ చిరునామా, రచయితల అనుమతి. విశ్వవిద్యాలయం ఇప్పుడే రచయితలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టవచ్చు.