ఆకాశవాణికి చెవులు లేవు

రామప్ప గుడికి వెళ్లినవాళ్లు మదనికల ముందు ఫోటోలు దిగుతారు, నీళ్లలో తేలే ఇటుకల గురించి గైడు చెప్పింది వింటారు, చెరువు కట్ట మీద కాసేపు కూర్చుని వచ్చేస్తారు. ఆవరణలోనే ఉన్న చిన్న శాసన మండపం వైపు వెళ్లేవాళ్లు తక్కువ. అందులో ఒక నల్లరాతి స్తంభం ఉంది. శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213లో, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన శాసనం. లిపి మన పాత తెలుగు లిపే, ఓపిక ఉంటే అక్కడో అక్షరం ఇక్కడో అక్షరం గుర్తుపట్టొచ్చు. భాష మాత్రం సంస్కృతం. పాలంపేటలో చెరువు తవ్వినవాళ్లకి, రాళ్లు మోసినవాళ్లకి ఎవరైనా చదివి వినిపించినా అర్థం కాని భాషలో, వాళ్ల చేతులతో కట్టిన గుడి గురించి వాళ్ల ఊళ్లోనే రాసిపెట్టారు.

ఆ రాయి ముందు నిలబడితే నాకు రేడియో గుర్తొస్తుంది. నవ్వకండి. ఈ దేశంలో సర్కారు రేడియో చరిత్రని ఒక్క ముక్కలో చెప్పమంటే ఆ రాయినే చూపిస్తాను. అక్షరాలు మనవి, మాట పై నుంచి వచ్చింది.

మన వెబ్ పత్రికల్లో రేడియో మీద వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకటే వ్యాసం. పొద్దున్నే వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిన ఆ సిగ్నేచర్ ట్యూన్, వంటింట్లో కాఫీ వాసన, ఉషశ్రీ రామాయణం, న్యాయపతి రాఘవరావు దంపతుల బాలానందం, ఆఖర్న "ఆ రోజులే వేరు" అని ఓ నిట్టూర్పు. ఆ జ్ఞాపకాలు అబద్ధం కావు. ఉషశ్రీ గొంతు నిజంగానే గొప్పది. కానీ ఎవరి వంటింటి జ్ఞాపకం ఇది? ఆ రేడియోలో మాట్లాడిన తెలుగు ఎవరింట్లో మాట్లాడే తెలుగు? జ్ఞాపకం ఆ ప్రశ్న అడగనివ్వదు. అందుకే నాకు దాంతో పేచీ.

మన పురాణాల్లో ఆకాశవాణి పని ఏమిటో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కంసుడు చెల్లెలి రథం తోలుతుంటే పై నుంచి ఒక గొంతు వినిపిస్తుంది, చెప్పాల్సింది చెప్పేసి ఊరుకుంటుంది. ఎవరు నువ్వు అని అడగడానికి లేదు, నా మాట కూడా విను అనడానికి అసలే లేదు. సర్కారు తన రేడియోకి అచ్చంగా ఆ పేరే పెట్టుకుంది. ఇంత నిజాయితీ గల పేరు ప్రభుత్వాలు సాధారణంగా పెట్టవు.

ఈ గొంతు ఎలా పుట్టిందో చూద్దాం. 1927 జులైలో బొంబాయిలో మొదలైన ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ ప్రైవేటుది. మూడేళ్లు తిరక్కుండానే దివాలా తీసింది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1936 జూన్‌లో ఆల్ ఇండియా రేడియో అని పేరు పెట్టారు. అప్పటి కంట్రోలర్ లయొనెల్ ఫీల్డెన్ ఆ పేరు కథ తన ఆత్మకథలో రాసుకున్నాడు. పేరు తన మనసులో ముందే ఉన్నా, అది వైస్రాయి లిన్‌లిత్‌గోకే తట్టినట్టు ఆయన నోట చెప్పించి గట్టెక్కాడట. ఇన్ని భాషల దేశపు రేడియోకి పేరు పెట్టడంలో ఆ దేశపు భాషల్లో ఒక్కదానికీ పని పడలేదు.

ఇది బ్రిటిష్ ఇండియా సంగతి. పాలంపేట అప్పుడు నిజాం రాజ్యంలో, వరంగల్ సుబాలో ఉంది. అక్కడి రేడియో వేరు. హైదరాబాదులో ఒకరు సొంతంగా నడుపుకుంటున్న చిన్న స్టేషన్‌ని 1935లో నిజాం ప్రభుత్వం తీసుకుంది. అదే దక్కన్ రేడియో. ఆ రాజ్యంలో సగానికి దగ్గరగా తెలుగు మాట్లాడేవాళ్లే, మిగతావాళ్లలో మరాఠీ, కన్నడం వాళ్లు చాలామంది. ప్రసారాల్లో సింహభాగం మాత్రం ఉర్దూది. తెలుగు, మరాఠీ, కన్నడాలకి మిగిలిన కాస్త సమయం. 1948 సెప్టెంబర్ 17న నిజాం తన లొంగుబాటు ప్రకటించింది కూడా ఈ రేడియోలోనే. చివరికి ఓడిపోయానని చెప్పుకోవడానికి కూడా రాజుకే మైకు దొరికింది.

అటు మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో తెరిచారు. తెలుగు గొంతు రేడియోలో స్థిరపడింది అక్కడే. తర్వాత 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం వచ్చింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆల్ ఇండియా రేడియోలో కలిసిపోయింది. హైదరాబాదులో మైకు ముందు భాష మారింది. ఉర్దూ కొంత వెనక్కి తగ్గి తెలుగు ముందుకొచ్చింది. కానీ ఏ తెలుగు? మద్రాసు, విజయవాడల్లో చదువుకున్నవాళ్లు తీర్చిదిద్దిన తెలుగు. వార్తలకి, సాహిత్య ప్రసంగాలకి, సంగీత పరిచయాలకి అదే. మా వైపు యాసకి పల్లె కార్యక్రమాల్లో చోటు దొరికింది, నాటకాల్లో నవ్వించే పాత్రల నోట్లో దొరికింది. యూరియా ఎప్పుడు చల్లాలో చెప్పడానికి పనికొచ్చిన భాష కవిత్వం గురించి మాట్లాడటానికి పనికి రాలేదు. తెలుగొచ్చిందని పాలంపేట సంతోషించే లోపే, నీది తెలుగే కాదు యాస అని దానికి తెలిసిపోయింది.

ఇక వార్తలు. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తల కోసం ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించుకుని కూర్చున్న రోజులున్నాయి. ఆ వార్త ఎలా తయారయ్యేది? ఢిల్లీ న్యూస్‌రూమ్‌లో ఇంగ్లీషులో రాసేవాళ్లు, పక్కనున్న భాషా విభాగాలు దాన్ని తమ తమ భాషల్లోకి మార్చుకునేవి. వరంగల్‌లో జరిగిన సంగతైనా ఆ బులెటిన్‌లోకి ఎక్కాలంటే ముందు ఇంగ్లీషు కావాలి, మళ్లీ తెలుగై తిరిగి రావాలి. సర్కారు రేడియో బహుభాషా విధానం అంటే ఇదే. ఒకే సరుకు, చాలా గొట్టాలు. కిందినుంచి పైకి వెళ్లే గొట్టం ఒక్కటీ వేయలేదు.

గొట్టంలో ఏం పోయాలో కూడా పైవాళ్లే తేల్చారు. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాట అంటే చిన్నచూపు. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు కనుమరుగయ్యాయి. జనం ఏం చేశారు? ముల్లు రేడియో సిలోన్ వైపు తిప్పారు. తెలుగు పాటలు కూడా అక్కడే విన్నారు. 1957 అక్టోబర్‌లో ప్రభుత్వం దిగొచ్చి వివిధ భారతి పెట్టాల్సి వచ్చింది. శ్రోత గెలిచిన సందర్భం ఇదొకటి. కానీ ఎందుకు గెలిచాడు? తిప్పుకోవడానికి ఇంకో స్టేషన్ ఉంది కాబట్టి. ముల్లు ఎటు తిప్పినా తన భాష వినపడనివాడి సంగతి ఏమిటి?

పాలంపేట నుంచి తూర్పుకి బస్సెక్కితే తాడ్వాయి, మేడారం, ఏటూరునాగారం. కోయ మాట్లాడే నేల. 2011 జనాభా లెక్కల్లో కోయ తమ మాతృభాష అని చెప్పినవాళ్లు 4 లక్షల పైన. గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. అవే లెక్కల్లో సంస్కృతం మాతృభాషగా రాయించుకున్నవాళ్లు 24,821 మంది. ఇప్పుడు చెప్పండి, ఈ మూడింట్లో ఢిల్లీ నుంచి రోజూ జాతీయ వార్తలు ఏ భాషలో వస్తాయి? సంస్కృతంలో, 1974 జూన్ 30 నుంచి. సంస్కృతంలో వార్తలు వద్దని నేననను, నిక్షేపంలా చదవండి. పాతిక వేల మందికి ఒక బులెటిన్ నడపగలిగిన దేశం, 30 లక్షల మంది దగ్గరికొచ్చేసరికి ఖర్చు, సిబ్బంది, ఆచరణ సాధ్యం కాదు అని మాట్లాడితే మాత్రం ఊరుకోను. 1213లో పాలంపేట రాతి మీద ఏ లెక్క నడిచిందో ఇప్పటికీ అదే లెక్క.

ఆకాశవాణి తన గురించి తాను చెప్పుకునే గొప్ప ఒకటుంది. 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారాలు చేస్తామని. ఆ "మాండలికాలు" అన్న మాట దగ్గర ఆగాలి. కోయ దేనికి మాండలికం? గోండీ దేనికి? రెండూ ద్రావిడ భాషలు, తెలుగుకి తోబుట్టువులు. ఎనిమిదో షెడ్యూల్లో లేనంత మాత్రాన భాష మాండలికం అయిపోదు. షెడ్యూలు భాషాశాస్త్రం చూసి రాసింది కాదు. ఒకప్పుడు తెలంగాణ తెలుగుని యాస అన్నందుకు మనం ఎంత మండిపడ్డాం! ఆ మంటకి రాష్ట్రమే వచ్చింది. అదే మనం కోయని ఏమంటున్నామో మన వ్యాసాలు తిరగేసి చూసుకుంటే తెలుస్తుంది.

అలాగని సర్కారు రేడియో చేసిందేమీ లేదనడం అన్యాయం. కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, దాశరథి, బాలాంత్రపు రజనీకాంతరావు లాంటివాళ్లకి అది నీడనిచ్చింది. లాభం చూసుకునే కంపెనీ ఏదీ లలిత సంగీతానికి, రేడియో నాటికకి అన్నేళ్లు చోటిచ్చేది కాదు. ఆదిలాబాద్, కొత్తగూడెం లాంటి కేంద్రాలు గిరిజన కార్యక్రమాలు చేశాయి, ఇష్టంగా చేసిన ఉద్యోగులూ ఉన్నారు. కానీ ఆ కార్యక్రమాల్లో ఎక్కువగా ఏముంటుంది? పాట, డోలు, పండగ. పాట పాడించుకోవడం వేరు, మాట వినడం వేరు. పాడేవాళ్లుగా పనికొచ్చినవాళ్లు పోడు భూమి గురించి, కరెంటు గురించి, రాని డాక్టరు గురించి వార్త చెప్పేవాళ్లుగా ఎందుకు పనికిరారు?

ఇక్కడ మీరొక మాట అనొచ్చు. ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారండీ, అందరి చేతుల్లో ఫోన్లున్నాయిగా, ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చి ఇరవై ఏళ్లు దాటిందిగా అని. ఎఫ్.ఎం.లు వచ్చాయి, సినిమా పాటలు తెచ్చాయి. కానీ ఈ దేశంలో ప్రైవేటు ఎఫ్.ఎం. గానీ, ఊరివాళ్లు నడుపుకునే కమ్యూనిటీ రేడియో గానీ సొంతంగా వార్తలు చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు, అంతే. పేపరు పెట్టి వార్త రాయొచ్చు, టీవీ పెట్టి పొద్దస్తమానం అరవొచ్చు, రేడియోలో మాత్రం వార్త సర్కారు సొత్తు. రేడియో పెట్టుకున్న పాపానికి ఏడాదికోసారి పోస్టాఫీసుకి పోయి లైసెన్సు రుసుము కట్టిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. వినడానికే లైసెన్సు అడిగిన రాజ్యం మాట్లాడతానంటే ఊరుకుంటుందా?

చట్టం తెలియక జరుగుతున్నది కాదిది. 1995 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ తీర్పులో విడిగా రాసిన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి మన తెలుగువారే. ప్రసార మాధ్యమం ప్రజల అదుపులో ఉండాలి, ప్రభుత్వ అదుపులో కాదు అని స్పష్టంగా చెప్పారు. 1990లో చేసిన ప్రసార భారతి చట్టం 1997లో గానీ అమల్లోకి రాలేదు. వచ్చాక కూడా జీతాల డబ్బు ప్రభుత్వం దగ్గర్నుంచే. జీతం ఇచ్చేవాడి ముందు స్వయంప్రతిపత్తి గురించి ఎంత గట్టిగా మాట్లాడగలమో ఉద్యోగం చేసినవాళ్లెవర్నడిగినా చెబుతారు.

ఇంకో దారి లేదా అంటే, ఉందని తెలంగాణలోనే రుజువైంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళలు యునెస్కో సాయంతో 1998 నాటికే రేడియో కేంద్రం కట్టుకున్నారు. గాలిలోకి మాట్లాడే అనుమతి రావడానికి పదేళ్లు పట్టింది. ఈలోగా కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసుకుని సంఘాల్లో వినిపించుకున్నారు. 2008 అక్టోబర్ 15న సంగం రేడియో మొదలైంది. విత్తనాల గురించి, చిరుధాన్యాల గురించి, తమ సంగతుల గురించి తమ జహీరాబాద్ తెలుగులోనే మాట్లాడుకున్నారు. అటు ఛత్తీస్‌గఢ్‌లో 2010 నుంచి సీజీనెట్ స్వర మామూలు ఫోన్‌తోనే గోండీ మాట్లాడేవాళ్ల ఫిర్యాదులు రికార్డు చేసి వినిపించింది. డబ్బు, యంత్రాలు, చదువు లేవన్న సాకులు ఈ రెండు చోట్లా చెల్లలేదు.

ఇప్పుడు సర్కారు రేడియో గర్వంగా చూపించుకునేది మన్ కీ బాత్‌ని. 22 భాషల్లో, 29 మాండలికాల్లో ప్రసారం చేస్తున్నామని లెక్క చెబుతారు. ప్రధాని ఏ పార్టీవారైనా నా అభ్యంతరం ఒకటే. ఒక్క మనసులోని మాటని యాభై భాషల్లో చెప్పడానికి యంత్రాంగం ఉంది. యాభై భాషల్లోని మాటని ఒక్క మనసు చేత వినిపించడానికి యంత్రాంగం ఏది?

కాబట్టి నాకు కావాల్సినవి మూడే. వరంగల్, కొత్తగూడెం కేంద్రాల నుంచి రోజూ కోయలో వార్తలు రావాలి, కోయవాళ్లే సేకరించి, రాసి, చదివేవి. కమ్యూనిటీ రేడియోలకి సొంత వార్తలు చెప్పుకునే హక్కు ఇవ్వాలి. ఆకాశవాణి భాండాగారంలో ఉన్న పాత రికార్డింగులు, ముఖ్యంగా గిరిజన భాషలవి, ఆ పాడినవాళ్ల ఊళ్లకి తిరిగి చేరాలి. వాటిలో వాళ్ల అవ్వల గొంతులున్నాయి, అవి వాళ్ల ఆస్తి.

రెండేళ్లకోసారి మేడారం జాతరకి ఆకాశవాణి వస్తుంది. మైకులు పెడుతుంది, వ్యాఖ్యానం చెబుతుంది, తెలుగులో. గద్దెల దగ్గర పూజారులు కోయవాళ్లు. వాళ్ల జాతర గురించి వాళ్లకే, వాళ్ల ఊళ్లోనే, ఇంకొకరి భాషలో చెప్పి వెళ్లిపోతారు. ఎనిమిది వందల ఏళ్ల కింద పాలంపేటలో ఇదే జరిగింది. తేడా ఒక్కటే, రాయికి చెవులు పెట్టలేం. రేడియోకి పెట్టొచ్చు.