నలుగురి ప్రాజెక్టు, ఒకే మార్కు

ఇంజినీరింగ్ విద్యలో సృజనపై వ్యాసమంటే మీరు పేటెంట్ల లెక్కలతో మొదలుపెడతారేమో. ముందు ఫైనలియర్ ప్రాజెక్టు గుర్తుచేసుకోండి. బ్యాచ్‌లో నలుగురు, ఆలోచన ఒకరిది, మార్కులు దాదాపు సమానం. (ప్రాజెక్టు కొనుక్కొచ్చే బ్యాచ్‌లలో ఆ ఒక్కరూ ఉండరు.)

పైగా మనం చూసేది చివరి నమూనానే. ఇంజినీరింగ్ చదవని చింతకింది మల్లేశం, ఆసు పోసే తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. పూర్తయింది 1999లో, పద్మశ్రీ 2017లో. మధ్యలో, 1995లో, మన పద్ధతిలో మార్కులేస్తే? యంత్రం ఆడలేదు కాబట్టి ఫెయిల్.

ఒక్కో విద్యార్థి లాగ్‌బుక్‌కు, ఏది విఫలమైంది, తర్వాత ఏం మార్చావని విడిగా అడిగే వైవాకు సగం మార్కులైనా ఇవ్వాలి. పక్షపాతం వస్తుందంటారా? వస్తుంది. అందుకే ఇద్దరు బయటి ఎగ్జామినర్లు వేర్వేరుగా మార్కులేయాలి. ఖర్చు పెరుగుతుంది, పెరగనివ్వండి.