ఫర్నేస్ ఆగిన రోజు సంతకం వద్దు

జనవరిలో ఒక మంగళవారం. షికాగో శివార్లలో ఒక తెలుగువారి ఇల్లు. కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు స్వెటర్ల మీద శాలువాలు కప్పుకుని కూర్చున్నారు. తెల్లవారుజాము నుంచి ఫర్నేస్ పనిచేయడం లేదు. వచ్చిన టెక్నీషియన్ బేస్‌మెంట్‌లో పావుగంట గడిపి కొడుక్కి ఫోన్ చేశాడు. హీట్ ఎక్స్ఛేంజర్ పగిలిందన్నాడు. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం, ఇంట్లో పెద్దవాళ్లున్నారు, కొత్త ఫర్నేస్ 11,800 డాలర్లు, ఇప్పుడే సరే అంటే సాయంత్రానికి బిగిస్తామన్నాడు. కొడుకు ఫోన్‌లోనే సంతకం పెట్టబోయి, ఎందుకో ఆగి, అదే వీధిలో ఉండే స్నేహితుణ్ని అడిగాడు. ఆ రాత్రి అమ్మానాన్నలను స్నేహితుడి ఇంట్లో పడుకోబెట్టారు. మర్నాడు వచ్చిన రెండో టెక్నీషియన్ లోపలికి కెమెరా పెట్టి చూపించాడు. పగులు లేదు. ఫ్లేమ్ సెన్సర్‌కు మసి పట్టింది. శుభ్రం చేసి 165 డాలర్లు తీసుకుని వెళ్లాడు.

ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లంతా ఇలాంటివారే అనడం అన్యాయం. అర్ధరాత్రి సున్నా డిగ్రీల చలిలో నిజాయతీగా వచ్చి పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ చలి, భయం, ఇంట్లో పిల్లలు, పెద్దలు... ఈ నాలుగూ కలిసిన గంటలో మనం తీసుకునే నిర్ణయం వేల డాలర్లది. ఐదు డాలర్ల కూపన్ కోసం మూడు వెబ్‌సైట్లు తిరిగే మనమే ఆ గంటలో రెండో మాట అడగం.

గ్యాస్ ఫర్నేస్ ఎలా వెలుగుతుందో ఒక్కసారి తెలుసుకుంటే సగం భయం పోతుంది. థర్మోస్టాట్ వేడి అడగగానే ముందు ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ తిరిగి పొగగొట్టం గుండా గాలి లాగుతుంది. గాలి సరిగా కదులుతోందని ప్రెషర్ స్విచ్ ఒప్పుకుంటేనే ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. మంట వచ్చినట్టు ఫ్లేమ్ సెన్సర్ కబురు పంపకపోతే కొన్ని సెకన్లలోనే గ్యాస్ ఆగిపోతుంది. అన్నీ కుదిరాక బ్లోయర్ తిరిగి వేడిగాలిని గదుల్లోకి తోస్తుంది. ఇందులో ఏ చిన్న లంకె తెగినా ఇల్లంతా చల్లబడుతుంది. అందుకే ఫర్నేస్ ఆగిపోయిందంటే చాలాసార్లు చెడిపోయేది చిన్న భాగమే.

ఇక ధరలు. ఊరిని బట్టి, కంపెనీని బట్టి మారతాయి కాబట్టి వీటిని ఉజ్జాయింపుగానే చూడండి. వచ్చి చూసినందుకు 75 నుంచి 200 డాలర్లు. రిపేరు చేయించుకుంటే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తారా లేదా అన్నది ఫోన్‌లోనే అడగాలి. రాత్రిళ్లు, వారాంతాల్లో రేటు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెట్టింపు. ఫ్లేమ్ సెన్సర్ శుభ్రానికి 100 నుంచి 250, ఇగ్నైటర్ మార్చడానికి 150 నుంచి 400. కంట్రోల్ బోర్డు, ఇండ్యూసర్ మోటార్ అయితే 300 నుంచి 1,200 దాకా. బ్లోయర్ మోటార్ మామూలుదైతే 400 నుంచి మొదలవుతుంది, వేగం మార్చుకునే రకమైతే 1,500 కూడా దాటుతుంది. హీట్ ఎక్స్ఛేంజర్ 1,500 నుంచి 3,500. కొత్త ఫర్నేస్ బిగింపుతో కలిపి 4,000 నుంచి 10,000, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ.

‘ఆన్‌లైన్‌లో 40 డాలర్లకు దొరికే ఇగ్నైటర్‌కు 300 తీసుకున్నాడు’ అన్న ఫిర్యాదు మన పాట్‌లక్‌లలో తరచూ వినిపిస్తుంది. దీన్ని మోసం అనలేం. ఆ బిల్లులో వ్యాన్, బీమా, లైసెన్స్, టెక్నీషియన్ జీతం, చేసిన పనికి పూచీ అన్నీ కలిసి ఉంటాయి. 300 డాలర్ల దగ్గర బేరమాడి, 11,000 దగ్గర బేరమాడకపోవడమే మనం చేసే పొరపాటు.

హీట్ ఎక్స్ఛేంజర్ సంగతి మాత్రం విడిగా చెప్పుకోవాలి. మంట ఒకవైపు, మనం పీల్చే గాలి మరోవైపు ఉండేలా మధ్యలో అడ్డుగా నిలిచే లోహపు గోడ అది. నిజంగా పగిలితే విషవాయువు గదుల్లోకి రావచ్చు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవడం ఎంత ప్రమాదమో మన పెద్దవాళ్లకు తెలుసు. ఇదీ అదే ప్రమాదం, రంగూ వాసనా లేనిది. కాబట్టి టెక్నీషియన్ ఆ మాట అన్నాక ఫర్నేస్ ఆపేయండి, వాదించకండి. కానీ పగులు ఫొటోనో వీడియోనో చూపించమనండి, అది ఏ గదిలో ఎక్కడుందో కాగితం మీద రాసివ్వమనండి. మరో కంపెనీని పిలవండి. ఆ ఒకట్రెండు రోజులు స్నేహితుల ఇల్లో హోటలో చూసుకున్నా రెండు మూడు వందల డాలర్లలో పోతుంది. పగులు నిజమై, ఫర్నేస్‌కు 15 ఏళ్లు దాటి ఉంటే మాత్రం కొత్తది కొనడమే మేలు. పదేళ్ల లోపుదైతే ముందు వారంటీ చూడాలి. చాలా కంపెనీలు హీట్ ఎక్స్ఛేంజర్‌కు 20 ఏళ్లు, అంతకు మించి కూడా వారంటీ ఇస్తాయి. భాగం ఉచితంగా వచ్చినా పని కూలి మనదే.

ఆ వారంటీ దగ్గరే మనవాళ్లు నష్టపోతున్నారు. బిగించిన 60 లేదా 90 రోజుల్లో ఆన్‌లైన్‌లో నమోదు చేయకపోతే పదేళ్ల వారంటీ ఐదేళ్లకు పడిపోవడం సర్వసాధారణం. ఇల్లు చేతులు మారితే అది కొత్త యజమానికి వర్తించకపోవచ్చు కూడా. గృహప్రవేశం ఫొటోలు వందల్లో ఉంటాయి. ఫర్నేస్ మీది మోడల్, సీరియల్ నంబర్ స్టిక్కర్ ఫొటో ఒక్కటీ ఉండదు.

తొందరలో సంతకం పెట్టేసినవారికీ ఒక దారి ఉంది. ఇంటికి వచ్చి అమ్మే 25 డాలర్లు, ఆపైన కొనుగోళ్లను మూడో పనిదినం అర్ధరాత్రి లోపు రద్దు చేసుకునే హక్కును ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ఇస్తోంది. మనం పిలిపించుకున్న రిపేరుకు అది వర్తించదు. రిపేరుకు వచ్చినవాడు అదనంగా అమ్మినదానికి వర్తిస్తుంది. అత్యవసరం కాబట్టి ఈ హక్కు వదులుకుంటున్నానని మీ చేతిరాతతో రాసివ్వమంటే జాగ్రత్తపడండి. పూర్తిగా ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో కుదిరిన బేరానికి ఈ రక్షణ లేదు. ‘18 నెలలు వడ్డీ లేదు’ అనే ఫైనాన్స్ కాగితాలూ చదవాలి. గడువులోగా పైసాతో సహా కట్టకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ వేసే రకం వాటిలో ఉంటుంది. పన్ను రాయితీ వస్తుందని ఇంకా చెబుతుంటే నమ్మొద్దు. 25సి అనే ఆ ఫెడరల్ రాయితీ 2025 డిసెంబరు 31 తర్వాత బిగించినవాటికి లేదు.

ఫోన్ చేసే ముందు ఐదు నిమిషాలు మనమే చూసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. థర్మోస్టాట్ బ్యాటరీలు, బ్రేకర్, ఫిల్టర్. ఒక అంగుళం ఫిల్టర్‌ను నెల నుంచి మూడు నెలల్లోపు మార్చాలి. రోజూ పోపు పెట్టి, అగరుబత్తి వెలిగించే ఇళ్లలో ఇంకా ముందే మార్చాల్సి రావచ్చు. గోడ బయటకు వచ్చే తెల్ల పైపులకు మంచు అడ్డుపడిందేమో చూడండి. ఫర్నేస్ పక్కన అచ్చం లైటు స్విచ్‌లా ఉండే స్విచ్ ఒకటి ఉంటుంది. అనవసరంగా స్విచ్ వేసి ఉంచితే ఊరుకోని నాన్నగారు ఇంట్లో ఉంటే ముందు దాన్నే చూడండి! మిగతాదంతా, ముఖ్యంగా గ్యాస్ జోలి, లైసెన్స్ ఉన్నవారి పని.

టెక్సస్‌లో ఉన్నవారికి చలి కొద్ది రోజులే అన్న ధీమా ఎక్కువ. ఫర్నేస్ అటిక్‌లో ఉంటుంది, ఏడాదంతా ఎవరూ పైకెక్కి చూడరు. 2021 ఫిబ్రవరిలో కరెంటు పోయినప్పుడు గ్యాస్ ఉన్నా ఫర్నేస్‌లు తిరగలేదు, బ్లోయర్‌కు కరెంటు కావాలి కదా. వెచ్చదనం కోసం గ్యారేజీలో కార్లు ఆన్ చేసి, ఇంట్లో బొగ్గులు రాజేసి హ్యూస్టన్ ప్రాంతంలో ఎందరో కార్బన్ మోనాక్సైడ్ బారిన పడ్డారు. ప్రతి అంతస్తులో, పడకగదుల దగ్గర ఆ అలారం ఉండాలి. పాతదైతే వెనక రాసిన గడువు చూడండి.

సెప్టెంబరు, అక్టోబరులో ఒక ట్యూనప్ చేయించుకుంటే వంద, రెండు వందల్లో అయిపోతుంది, కంపెనీ ఎలాంటిదో కూడా అప్పుడే తెలుస్తుంది. సంక్రాంతికి ఇండియా వెళ్లేవారు థర్మోస్టాట్ పూర్తిగా ఆపేయకుండా 55 డిగ్రీల దగ్గరైనా ఉంచి, మెయిన్ నీళ్లు కట్టేసి, తాళం పొరుగువారికి ఇచ్చి వెళ్లాలి. పైపులు గడ్డకట్టి పగిలితే ఫర్నేస్ బిల్లు దాని ముందు చిన్నదే. అమ్మానాన్నలు పగలు ఒంటరిగా ఉండే ఇళ్లలో ఫ్రిజ్ మీద తెలుగులో ఒక కాగితం అంటించండి: అలారం మోగితే వెంటనే బయటకు వెళ్లి 911కు ఫోన్ చేయాలి. ఎవరు ఏ కాగితం ఇచ్చినా మేం వచ్చేదాకా సంతకం పెట్టొద్దు.