హోటలు బల్ల దగ్గర విశ్వాసి



ఈ మధ్య మన సంఘాల్లో, ముఖ్యంగా యౌవనస్థుల కూడికల్లో, ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "అయ్యగారూ, హోటలువాళ్ళు పొద్దున్నే పటానికి దండ వేసి, అగరువత్తులు వెలిగించి, ఆ తరువాతే టిఫిన్లు మొదలుపెడతారు కదా. అక్కడ విశ్వాసి తినవచ్చా?" కొందరు తినకూడదని తీర్మానించుకుని "మనవాళ్ళ హోటలు" ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. తినవచ్చు. అందరితోపాటు ఆ బల్ల మీద కూర్చుని, దేవునికి కృతజ్ఞత చెప్పి తినవచ్చు.

ఇది కొత్త ప్రశ్న కాదు. కొరింథు సంఘంలోనూ ఇలాంటిదే వచ్చింది. గుడుల్లో బలి అర్పించిన మాంసం కొంత అంగడికి వచ్చేది. ఏది ఎక్కడిదో కొనేవాళ్ళకు తెలియదు. పౌలు మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాల్లో రెండు సంగతులను విడదీశాడు. విగ్రహారాధన విందులో పాలుపొందడం ఒకటి. ప్రభువు బల్లలో చెయ్యి వేసినవాడు అందులో చెయ్యి వేయకూడదన్నాడు. అంగడిలో అమ్మేది కొనుక్కుని తినడం మరొకటి. దానికి ఆరాలు అక్కరలేదన్నాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళి పెట్టింది తినమన్నాడు. అయితే "ఇది అర్పించినది" అని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాని మనస్సాక్షి కోసం మానమన్నాడు.

కాబట్టి ప్రసాదమని చెప్పి చేతిలో పెడితే మర్యాదగా, నవ్వుతూ వద్దనండి. పెసరట్టు ప్రసాదం కాదు. అది ఒక కుటుంబం కష్టం. ఇబ్రహీంపట్నం నుంచి జి.కొండూరు, మైలవరం మీదుగా తిరువూరు వైపు వెళ్ళే 30వ నంబరు జాతీయ రహదారిలో ప్రయాణం చేసేవాళ్ళకు ఇలాంటి చిన్న హోటళ్ళు కొత్త కాదు. ముందురోజే పప్పు నానాలి. రాత్రికి పిండి రుబ్బుకోవాలి. తెల్లవారక ముందే పొయ్యి వెలగాలి. భర్త పెనం దగ్గర, భార్య పచ్చళ్ళ దగ్గర, బడికి వెళ్ళేలోపు పిల్లలు నీళ్ళ గ్లాసుల దగ్గర. 19 కిలోల వాణిజ్య సిలిండరు ధర పెరిగినా, ఇడ్లీ మీద ఒక్క రూపాయి పెంచడానికి వాళ్ళు పదిసార్లు ఆలోచిస్తారు.

ఇప్పుడు అసలు మాట. మనలో చాలామందిమి మాలపల్లె, మాదిగపల్లెల నుంచి ప్రభువు పిలుచుకున్నవాళ్ళం. టీ హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి మన పెద్దలకు పుస్తకంలో చదివిన సంగతి కాదు. గ్లాసు విడిగా ఉండేది. నిలబడి తాగాలి, తామే కడిగి పెట్టాలి. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణలో అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణలో దుకాణాలు, హోటళ్ళలోకి ఎవరినీ కులం పేరిట, మతం పేరిట అడ్డగించకూడదని చెప్పింది. 1955లో దానికి చట్టం కూడా వచ్చింది. అయినా ఆ రెండో గ్లాసు చాలా ఊళ్ళలో ఎన్నో ఏళ్ళు అలాగే ఉండిపోయింది. ఎంతోమంది అవమానాలు పడి, పోరాడి సంపాదించిన చోటు ఆ బల్ల. అలాంటి మనం "వీళ్ళ గోడ మీద ఏ పటం ఉంది, వీళ్ళు ఎవరు" అని చూసి మెట్లు దిగిపోతే, ఆ పాత గ్లాసును మనమే మళ్ళీ తెచ్చి వేరేవాళ్ళ ముందు పెట్టినట్టు కాదా?

గలతీ పత్రిక 2వ అధ్యాయం చూడండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి లేచిపోయాడు. పౌలు దాన్ని చిన్న విషయంగా తీసుకోలేదు. అందరి ముందే నిలదీశాడు. బల్ల దగ్గర నుంచి లేచిపోవడం సువార్త సత్యానికే దెబ్బ అని ఆయనకు తెలుసు.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఒక పాఠం ఉంది. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు 1912లో భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో ఆయన మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, మాకు స్నేహితులు కూడా కావాలని అడిగారు. ఇవ్వడం ఒకటి, పక్కన కూర్చోవడం మరొకటి. మనమూ కరపత్రం ఇస్తాం. కానీ ఆ మనిషి వండినది తినమంటే, మన కరపత్రం ఆయన ఎందుకు చదవాలి?

"మరి విశ్వాసుల హోటలును ఆదుకోవద్దా?" అంటారు. ఆదుకోండి, మంచిదే. అయితే మన సహోదరుని హోటలు గోడ మీద వాక్యం చూసి ఊరివాళ్ళు వెనక్కి తిరిగిపోతే మన ప్రాణం ఎంత విలవిలలాడుతుంది? మనకు నొప్పి అయినది ఎదుటివానికీ నొప్పే.

మనస్సాక్షి ఒప్పుకోక తినలేని సహోదరుడు ఉంటే అతన్ని బలవంతం చేయకండి, ఎగతాళి చేయకండి. రోమా పత్రిక 14వ అధ్యాయం అతని పక్షాన ఉంది. అదే అధ్యాయం, తినేవానికి తీర్పు తీర్చవద్దని అతనికీ చెబుతోంది. ఒకరి బలహీనతను సంఘమంతటికీ ఆజ్ఞగా చేయకూడదు.

తినేవాళ్ళకు కూడా ఒక మాట. మీ భక్తి పటం దగ్గర కాదు, బిల్లు దగ్గర తెలుస్తుంది. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఖాతాలో మూడు నెలల బాకీ ఉంచేవాని సాక్ష్యం ఎవరు నమ్ముతారు? బల్ల తుడిచే మనిషిని "ఒరేయ్" అనకండి. ఆకులో వదిలేసేంత పెట్టించుకోకండి. పెనం దగ్గర చెమట కక్కుతున్న ఆ తల్లిని "బాగుందమ్మా" అని ఒక్క మాట అనండి. ఆమె కుటుంబాన్ని పేరుపేరునా ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

సుంకరులతో కూర్చుని తిన్న ప్రభువు మన బల్లలన్నిటినీ దీవించును గాక. ఆమేన్.