తలుపు దగ్గర ఆగిపోయిన తిరుగుబాటు

ఒకే దేహంలో ఇద్దరు మనుషులుండి, ఒకరు పని చేయడానికే పుట్టి, మరొకరు ఆ పని తెచ్చిన జీతంతో బతుకుతుంటే, వాళ్లిద్దరి మధ్య న్యాయమైన ఒప్పందం కుదురుతుందా? ‘సెవరెన్స్’ అనే అమెరికన్ వైజ్ఞానిక కల్పన ధారావాహిక తన రెండవ సీజన్ చివరి భాగం ‘కోల్డ్ హార్బర్’లో ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది. 2022 ఏప్రిల్‌లో మొదటి సీజన్ ముగిసినప్పటి నుంచి దాదాపు మూడేళ్లు ఎదురుచూసినవారిలో నేనూ ఉన్నాను. 2025 మార్చిలో వచ్చిన ఆ ముగింపు మొదటి సగంలో నన్ను కట్టిపడేసింది. చివరి పది నిమిషాలు మాత్రం ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

చూడనివారి కోసం రెండు మాటలు. లూమన్ అనే కంపెనీ కొందరు ఉద్యోగుల మెదడులో చిప్ అమర్చుతుంది. లిఫ్ట్ దిగి ఆఫీసు అంతస్తుకు చేరగానే బయటి జీవితం మొత్తం చెరిగిపోతుంది. సాయంత్రం లిఫ్ట్ ఎక్కగానే లోపలి జీవితం చెరిగిపోతుంది. లోపలి మనిషికి ఇల్లు లేదు, ఆదివారం లేదు, నిద్ర కూడా లేదు. కళ్లు మూసి తెరిస్తే మళ్లీ అదే నడవా, అదే బల్ల. రాజీనామా చేయాలన్నా బయటి మనిషి ఒప్పుకోవాలి. కులమంటే శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో వాదించారు. ఆ వాదనను చదివినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. అమెరికన్ రచయిత డాన్ ఎరిక్సన్ ఊహించడానికి ఒక చిప్ అవసరమైంది. మన దగ్గర ఏ శస్త్రచికిత్సా లేకుండానే, మరుగుదొడ్డి వాడేవారికి దాన్ని కడిగేవారి ముఖం గుర్తుండదు.

చివరి భాగంలోని అత్యుత్తమ సన్నివేశంలో ఉన్నది ఒకే నటుడు, ఒక చిన్న వీడియో కెమెరా. బయటి మార్క్ తన భార్య జెమ్మాను లూమన్ చెర నుంచి విడిపించాలి. ఆ పని లోపలి మార్క్ చేస్తేనే అవుతుంది. కనుక ఇద్దరూ ఒక గది గుమ్మం అటూ ఇటూ దాటుతూ, ఒకరికొకరు వీడియోలు వదులుతూ బేరమాడుకుంటారు. బయటివాడు మొదట క్షమాపణ చెబుతాడు. గొంతులో మర్యాద ఉంది, పశ్చాత్తాపమూ ఉంది. ఆ తర్వాత ఒక హామీ ఇస్తాడు: మనిద్దరి జ్ఞాపకాలనూ కలిపేసుకుందాం, ఒక్కటైపోదాం. లోపలివాడు అడిగే ప్రశ్న చిన్నది. నీ నలభై ఏళ్లలో నా రెండేళ్లు కలిస్తే, అందులో నేను మిగిలేది ఎంత? చెరువులో పోసిన చెంబెడు నీళ్లను మళ్లీ ఎవరు వేరు చేసి చూపగలరు?

‘కులాలు మరచిపోదాం, అందరం ఒకటే’ అనే పిలుపును విశ్వవిద్యాలయ హాస్టళ్లలో వినని దళిత విద్యార్థి ఉండడు. ఆ పిలుపులో దురుద్దేశం ఉండాలన్న నియమం లేదు. ఎవరి ఇంట్లో, ఎవరి పద్ధతుల్లో, ఎవరి పేరు మీద ఒకటవుతాం అన్నది మాత్రం చెప్పరు. బయటి మార్క్‌ది సరిగ్గా ఆ అమాయకత్వమే. లోపలివాడు ప్రేమించిన హెల్లీ పేరును కూడా అతడు సరిగా పలకలేకపోతాడు. బేరం అక్కడే చెడింది. పెద్ద వయసు మనిషిని కూడా పేరు చివర ‘గాడు’ తగిలించి పిలిచిన ఊళ్ల నుంచి వచ్చినవారికి ఆ కోపాన్ని వివరించనక్కరలేదు.

ఇంత పదునుగా సాగిన కథ, తిరుగుబాటు దగ్గరికి వచ్చేసరికి తడబడింది. హెల్లీ బయట మరెవరో కాదు, లూమన్ యజమాని కూతురు హెలెనా. అదే సీజన్‌లో హెలెనా, హెల్లీ వేషంలో కిందికి దిగి, వాళ్ల నమ్మకాన్నీ మార్క్ ప్రేమనూ దొంగిలించింది. లోపలి హెల్లీ నిజాయితీని నేను శంకించడం లేదు. తానూ ఆమే కదా అని మార్క్‌తో ఒప్పుకునే ధైర్యం ఆమెకుంది. కానీ బల్ల ఎక్కి ప్రసంగించి అందరినీ కదిలించే పాత్ర ఆమెకే ఎందుకు దక్కాలి? ఓడిపోతే మిగతావారు శాశ్వతంగా చెరిగిపోతారు. ఆమె కూడా చెరిగిపోతుంది, నిజమే. ఆమె దేహం మాత్రం యజమాని భవనానికి తిరిగి వెళుతుంది. ఆమె మాట విని మిల్చిక్‌కు ఎదురు నిలిచిన వాద్య బృందంలో ఒక్కరికీ పేరు లేదు. తలుపుకు అడ్డంగా నిలిచిన డిలన్‌ను కూడా కెమెరా అక్కడే వదిలేసింది.

ఇక జెమ్మా. కింది అంతస్తుల్లో గదికొక మనిషిగా ఆమెను ముక్కలు చేశారు, అలా ఇరవై ఐదు సార్లు. లూమన్‌లో ఆమెకంటే ఎక్కువ బందీ ఎవరూ లేరు. లోపలి మార్క్ ఆమెను తలుపు దాటిస్తాడు, తాను మాత్రం దాటడు. అద్దం అవతల ఆమె ఏడుస్తూ పిలుస్తుంటే వెనుదిరిగి హెల్లీ చేయి పట్టుకొని పరుగెడతాడు. బయటివాడి కోసం తన ప్రాణం ఇవ్వనన్న అతని నిర్ణయం నాకు పూర్తిగా సమ్మతమే. త్యాగం ఎప్పుడూ కిందివాడి వాటాకే ఎందుకు రావాలి? నా పేచీ నిర్ణయంతో కాదు, చిత్రణతో. ఇద్దరు బందీల బతుకులను ఒకదానికొకటి పోటీ పెట్టి, దాన్నొక ప్రేమకథలోని ఎంపికగా కుదించారు. ఈలోగా కంపెనీ బోర్డు చెక్కుచెదరలేదు.

మిల్చిక్ గురించి చెప్పకపోతే అన్యాయం. నల్లజాతి అధికారి అయిన అతడికి కంపెనీ ఒక కానుక ఇస్తుంది: సంస్థాపకుడు కీర్‌ను నల్లజాతీయుడిగా మార్చి గీసిన చిత్రాలు. పదోన్నతి, ప్రాతినిధ్యం, చిత్రపటం అన్నీ ఇచ్చారు. పెద్ద పెద్ద మాటలు వాడుతున్నాడని మాత్రం పనితీరు సమీక్షలో తప్పుపట్టారు. చివరి భాగంలో కీర్ యంత్రవిగ్రహం చేత కూడా అతని భాషను వెక్కిరింపజేశారు. అతడు విగ్రహం ఎత్తు మీద ఒక చురక వేసి బదులు తీర్చుకుంటాడు. మొత్తం భాగంలో నేను పెద్దగా నవ్వింది అక్కడే. పాలకుల చేత కిందివారిని కాయించే ఉద్యోగిగా ఎదిగి, అక్కడా పరాయివాడిగానే మిగిలిన ఈ మనిషి కథే నిజానికి మన చర్చకు దగ్గరగా ఉన్నది. అతడిని స్నానాల గదిలో బంధించి హాస్యానికి వాడుకున్నారు.

ఈ ధారావాహికను చూపిస్తున్న ఆపిల్ కంపెనీ, తన ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో కుల వివక్షను పేరుపెట్టి నిషేధించిన సంగతి 2022లో వార్తల్లోకి వచ్చింది. ఆ మరుసటి ఏడాది సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నర్ తిరస్కరించారు. అక్కడి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. లిఫ్ట్ ఎక్కినా చెరగని జ్ఞాపకం ఏదో వాళ్లకు తెలుసు.

మూడవ సీజన్ ఉంటుందని ఆపిల్ వెంటనే ప్రకటించింది. మార్క్, హెల్లీ ఎటు పరుగెత్తారన్న ఆసక్తి నాకు పెద్దగా లేదు. వాద్యాలు పట్టుకొని మిల్చిక్ ఎదుట నిలబడిన ఆ పేరులేని మనుషులను ఆ సాయంత్రం లిఫ్ట్ ఎక్కించారా, ఎక్కిస్తే మర్నాడు పొద్దున వాళ్లలో ఎందరిని మళ్లీ కిందికి దించారు? అది చూడాలని ఉంది.